కార్టూనిస్టు వదిలివెళ్లిన పెట్టెలు: లామినేషన్ వద్దు, ముందు తేదీలు రాయండి

మీ ప్రశ్న సారాంశం ఇదీ. ఒడిశాలోని బరంపురంలోనే ఉండి ముప్పై ఏళ్లకు పైగా విశాఖ, విజయవాడ పత్రికలకూ, మధ్యమధ్య ఒడియా పత్రికలకూ సంపాదకీయ పేజీ కార్టూన్లు వేసిన మీ పెదనాన్నగారు 2023లో పోయారు. ఆయన గదిలో రెండు ట్రంకు పెట్టెలు, ఒక అట్టపెట్టె మిగిలాయి. వాటిలో ఒరిజినల్ బొమ్మలు, పేపర్ కటింగులు, ఫ్యాక్స్ కాగితాలు, కొన్ని సీడీలు ఉన్నాయి. సగానికి పైగా వాటిమీద తేదీ లేదు. ఊళ్లో స్టూడియో ఆయన అన్నిటికీ లామినేషన్ చేయిస్తే వందేళ్లు ఉంటాయన్నాడు. చేయించాలా, పుస్తకం వేయాలంటే పత్రికల అనుమతి కావాలా, చివరికి ఇవన్నీ ఎవరికివ్వాలి అని అడిగారు.

ముందు సూటిగా చెప్పేస్తాను. లామినేషన్ వద్దు, ఒక్కదానికీ వద్దు. పుస్తకానికి చాలావరకు పత్రికల అనుమతి అక్కర్లేదు, వారసులందరి సంతకాలు మాత్రం కావాలి. ఎవరికివ్వాలన్నది జాబితా తయారయ్యాక ఆలోచించే మాట. అన్నిటికన్నా ముందు చెయ్యాల్సినవి రెండే. ఒకటి, ఫ్యాక్స్ కాగితాలను ఈ వారంలోనే స్కాన్ చెయ్యడం. రెండు, కొన్ని బొమ్మల్లో ఎవరున్నారో మీ పెద్దమ్మగారు గుర్తుపడుతున్నారని రాశారు కదా, ఆవిడ పక్కన కూర్చుని ఆ మాటలు రాసుకోవడం. కాగితం ఇంకో ఏడాది ఆగుతుంది. ఆవిడ జ్ఞాపకం ఆగుతుందన్న భరోసా లేదు. తేదీ, సందర్భం తెలియని రాజకీయ కార్టూను ముప్పై ఏళ్ల తర్వాత వట్టి బొమ్మగా మిగిలిపోతుంది. ఎంత బాగా దాచినా దాని పదును తిరిగి రాదు.

ఇక కారణాలు, పద్ధతి. కొంచెం పొడుగవుతుంది.

లామినేషన్ ఎందుకు వద్దంటే

లామినేషన్ యంత్రం ప్లాస్టిక్ పొరను 100 డిగ్రీల పైచిలుకు వేడితో కరిగించి కాగితానికి అతికిస్తుంది. మళ్లీ విడదీయడం కుదరదు. న్యూస్‌ప్రింట్ చెక్కగుజ్జుతో తయారవుతుంది, అందులో లిగ్నిన్ అనే చెక్క పదార్థం ఉంటుంది. అదే కాలక్రమేణా ఆమ్లంగా మారి కాగితాన్ని పసుపు చేసి, పెళుసెక్కిస్తుంది. లామినేట్ చేస్తే ఆ ఆమ్లం లోపలే బిగుసుకుపోతుంది కాబట్టి, పై ప్లాస్టిక్ నిగనిగలాడుతున్నా లోపల కాగితం పాడవుతూనే ఉంటుంది. ఒరిజినల్స్‌లో తప్పు గీతలు కప్పడానికి వేసిన తెల్ల పోస్టర్ కలర్ ఆ వేడికీ ఒత్తిడికీ పగిలిపోతుంది. నీడల కోసం అతికించిన చుక్కల షీట్లు ముడుచుకుంటాయి. ఫ్యాక్స్ కాగితమైతే చెప్పనే అక్కర్లేదు, అది వేడితో అచ్చయ్యే కాగితం. లామినేషన్ రోలర్‌లోకి వెళ్లిందంటే మొత్తం నల్లగా బయటికొస్తుంది.

స్టేషనరీ షాపుల్లో దొరికే మెత్తటి పారదర్శక కవర్లూ వద్దు. ఘాటు వాసన వచ్చేవి చాలావరకు పీవీసీ. అందులోంచి ఊరే నూనెలాంటి పదార్థం ఫ్యాక్స్ అక్షరాలను చెరిపేస్తుంది, జిరాక్స్ కాపీల నల్లపొడిని తనకి అంటించుకుంటుంది. పాలిప్రొపిలీన్ కవర్లు ఫరవాలేదు. ప్యాకెట్ మీద త్రికోణంలో 5 అంకె ఉంటుంది, చూసి కొనండి. పాలిస్టర్ కవర్లు ఇంకా మంచివి.

పెట్టె తెరిచే పద్ధతి

మనవాళ్లు చేసే మొదటి తప్పు, అన్నీ మంచం మీద గుమ్మరించి బాగున్నవి ఒకపక్క, చిరిగినవి ఒకపక్క వేసుకోవడం. పెట్టెలో ఏ కట్ట తర్వాత ఏ కట్ట ఉందన్నదే తేదీలు పట్టుకోవడానికి మీకున్న పెద్ద ఆధారం. తేదీ లేని బొమ్మ రెండు తేదీలున్న కటింగుల మధ్య ఉంటే దాని కాలం సగం తేలినట్టే. కాబట్టి ఒక్కో పొర తీసేముందు ఫోన్‌తో ఫోటో తీయండి. కట్టకో నంబరు ఇవ్వండి. ఆ నంబరును 2బి పెన్సిల్‌తో బొమ్మ వెనక కింది మూలన, ఒత్తకుండా రాయండి. బాల్‌పెన్ను, రబ్బరుస్టాంపు, అంటించే చీటీ, ఏదీ వద్దు.

రబ్బరుబ్యాండ్లు కరిగి కాగితానికి అతుక్కుని ఉంటాయి. లాగకుండా కత్తెరతో కత్తిరించి, అతుక్కున్న ముక్కను అలాగే వదిలేయండి. తుప్పుపట్టిన గుండుసూదులు, స్టేపుల్ పిన్నులు తీసేటప్పుడు సూదికీ కాగితానికీ మధ్య సన్నటి ప్లాస్టిక్ పట్టీ దూర్చి, పిన్ను కాళ్లు వెనకనుంచి లేపి తీయండి. పసుపెక్కిన సెల్లోటేపు జోలికి వెళ్లకండి. హెయిర్ డ్రయ్యర్ పెట్టి ఊడదీయొచ్చని వీడియోలు చూసుంటారు. టేపుతోపాటు ఇంకు పొర కూడా లేచి వస్తుంది.

ఈ పని డిసెంబరు నుంచి ఫిబ్రవరి మధ్య పెట్టుకుంటే మేలు. గోపాల్‌పూర్ గాలి తగిలే ఊళ్లో మిగతా కాలమంతా చెమ్మే. కాగితాలు తెరిచిపెట్టి ఉంచితే వారంలో బూజు మొదలవుతుంది. కొరాపుట్, జయపురం వైపు ఇదే పని చేసేవాళ్లకు మాత్రం వానాకాలం నాలుగు నెలలూ ఇబ్బంది, తక్కిన కాలం ఫరవాలేదు.

ఏది ఏమిటో గుర్తుపట్టడం

ఇక్కడ కాస్త నిదానించండి. ఒకే కార్టూను మీ పెట్టెల్లో మూడు నాలుగు రూపాల్లో ఉండొచ్చు. ప్రతి రూపానికీ జాగ్రత్త వేరు.

ఒరిజినల్ అంటే ఆయన చేత్తో గీసినది. దళసరి డ్రాయింగ్ షీటు లేదా అట్టలాంటి కాగితం, దానిమీద ఇండియన్ ఇంకు, అంటే చిక్కటి నల్ల సిరా. అచ్చులో వచ్చే సైజుకి ఒకటిన్నర రెట్లో రెండు రెట్లో పెద్దదిగా గీసేవారు. తగ్గించి అచ్చువేస్తే గీత నీటుగా కనిపిస్తుందని. వెలుతురు ఏటవాలుగా పడేట్టు పట్టుకుని చూస్తే కిందినించి లేత నీలం పెన్సిల్ గీతలు కనిపిస్తాయి. అచ్చువేయడానికి తయారుచేసే లోహపు బ్లాకుకీ ఆఫ్‌సెట్ ప్లేటుకీ వాడే ఫిల్ముకు లేత నీలం కనబడదు, తెలుపుతో సమానం. అందుకని వాటిని చెరిపే పని ఉండేది కాదు. చాలామంది ఇవి మరకలనుకుని రబ్బరు పెట్టి రుద్దేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. ముక్కు ముందు ఎక్కడ పెట్టారు, తర్వాత ఎటు జరిపారు, కుర్చీ ముందు ఎవరి కింద ఉండేది, ఆ ఆలోచనంతా ఆ నీలం గీతల్లోనే ఉంటుంది. ఆయన గీతను అధ్యయనం చేసేవాళ్లకి ఇంకు కన్నా అవే విలువైనవి.

వెనక్కి తిప్పండి. కాలమ్ వెడల్పు, దానికి అటూ ఇటూ బాణం గుర్తులు, సెంటీమీటర్లలో ఒక అంకె, సబ్ ఎడిటర్ పొట్టి సంతకం, బ్లాకు మేకర్ ముద్ర, ఒక్కోసారి తేదీ స్టాంపు ఉంటాయి. అందుకే ప్రతి ఒరిజినల్‌కీ వెనకవైపు కూడా స్కాన్ చెయ్యాలి.

ఒడియా పత్రికలకు వేసినవాటిలో ఇంకో చిక్కుంటుంది. బొమ్మ ఆయనది, మాటలు పత్రిక డెస్కులో, అంటే సబ్ ఎడిటర్లు కూర్చునే చోట, ఇంకొకరు రాసి చీటీగా అతికించినవి. ఏళ్లు గడిచాక జిగురు ఎండి ఆ చీటీ ఊడిపోతుంది, మాటల బుడగ ఖాళీగా కనిపిస్తుంది. ఆయన మాటల్లేని కార్టూన్లు కూడా వేశారని అనుకోకండి. కట్టలో అడుగున రాలిపడి ఉన్న చిన్న చిన్న ఒడియా చీటీలను పారేయకుండా, ఏ కట్టలో దొరికిందో రాసిన కవర్లో వేసి ఉంచండి. బుడగలో మిగిలిన జిగురు మరక ఆకారం, చీటీ ఆకారం కలిస్తే జత దొరికినట్టే. మీరే అతికించకండి, ఫోల్డర్‌లో పక్కన పెడితే చాలు.

మెరిసే దళసరి ఫోటో కాగితం మీద నలుపు తెలుపుల్లో ఉన్నది బ్రోమైడ్, పేజీ అతికింపు రోజుల నాటిది. సరిగా కడగని బ్రోమైడ్లు గోధుమ రంగుకి తిరుగుతాయి, పక్క కాగితానికీ మరక అంటిస్తాయి. వాటిని వేరు కవర్లలో పెట్టండి.

ఫ్యాక్స్ కాగితం నున్నగా, చుట్టుకుపోతూ ఉంటుంది. అనుమానముంటే ఖాళీ అంచుమీద గోరుతో గీకండి, నల్లగీత పడితే అదే. బరంపురం నుంచి విశాఖ డెస్కుకు బొమ్మ సాయంత్రంలోగా చేరాలంటే రైల్లో కవరు పంపడమో ఫ్యాక్సో గతి అయిన రోజుల్లోవి ఇవి. ఇంట్లో ఉన్న ఫ్యాక్స్ కాపీల్లో కొన్ని డెస్కువాళ్లు తిరిగి పంపిన మార్పులు కావచ్చు. అంటే ఏది మార్చమన్నారో చెప్పే ఏకైక సాక్ష్యం అదే. వీటిని ఫ్లాట్‌బెడ్ స్కానర్ అద్దం మీద పెట్టి కలర్‌లోనే స్కాన్ చేయండి. వాటంతటవి లాక్కునే ఫీడర్లో పెట్టొద్దు. ఎంత చీకట్లో దాచినా అక్షరాలు వెలిసిపోతూనే ఉంటాయి కనుక, స్కానే వీటికి అసలు ప్రతి అనుకోండి.

తేదీ పట్టుకోవడం

కటింగు అయితే ముందు వెనకవైపు చదవండి. సినిమా ప్రకటన, బంగారం ధర, టెండరు నోటీసు, పరీక్షా ఫలితాలు, లాటరీ నంబర్లు, ఏదో ఒకటి ఉంటుంది. టెండరు నోటీసులో చివరి తేదీ తప్పకుండా ఉంటుంది, అంతకన్నా మంచి ఆధారం లేదు.

వెనక ఏమీ లేకపోతే బొమ్మలోని మనుషులే దారి. ఇందిర ముక్కు, జుట్టులో తెల్లపాయ, పీవీ పెదవి విరుపు, ఎన్టీఆర్ కాషాయం, నిద్రపోతున్న దేవెగౌడ, ఇవి ఎవరికైనా తెలుస్తాయి. పదవీకాలాలతో హద్దులు గీసుకోండి. కుర్చీకోసం ఎన్టీఆర్, నాదెండ్ల లాక్కుంటున్నారంటే 1984 ఆగస్టు 16 నుంచి సెప్టెంబరు 16 లోపు అయ్యే అవకాశమే ఎక్కువ. ఒడిశా వైపు జానకీ వల్లభ పట్నాయక్ ముఖ్యమంత్రిగా కనిపిస్తే 1980 నుంచి 89 కావచ్చు, 1995 నుంచి 99 కావచ్చు. రెండుసార్లు చేశారు కనుక జుట్టు, కళ్లజోడు ఎలా గీశారో పోల్చిచూడాలి. బిజూ పట్నాయక్ ముఖ్యమంత్రి కుర్చీలో ఉంటే 1990–95. అప్పుడప్పుడు ఒక్క రోజుకే తేలిపోయే బొమ్మలు దొరుకుతాయి. అప్పటి ఒడిశా ముఖ్యమంత్రి, ఎంపీ కూడా అయిన గిరిధర్ గొమాంగో చేతిలో ఒకే ఒక్క ఓటు, ఎదురుగా వాజ్‌పేయి కనిపిస్తే అది 1999 ఏప్రిల్ 17 నాటి విశ్వాస పరీక్ష, 269కి 270. పత్రికలో వచ్చేది మర్నాడు. తుపాను బొమ్మల దగ్గర జాగ్రత్త. 1999 అక్టోబరులో 17న గోపాల్‌పూర్ దగ్గర ఒకటి, 29న పారాదీప్ దగ్గర మహాతుపాను వచ్చాయి. ‘గంజాం’ అన్న మాట ఒక్కటి చూసి రెండోదాని కింద రాసేయకండి. ఫైలిన్ 2013 అక్టోబరు 12న, తిత్లీ 2018 అక్టోబరు 11న, రెండూ మన తీరమే, నెల కూడా ఒకటే.

ఇక్కడివాళ్లు తరచు మర్చిపోయేది డాక్ ఎడిషన్. దూరప్రాంతాలకు వెళ్లే ప్రతులు సాయంత్రమే అచ్చై బయల్దేరేవి. నగరం ఎడిషన్లో 14న వచ్చిన కార్టూను సరిహద్దు జిల్లాలకు 15న రావచ్చు, లేదా బొత్తిగా రాకపోవచ్చు. మీ ఇంట్లో కటింగు తేదీకీ గ్రంథాలయం ఫైల్లో తేదీకీ ఒకరోజు తేడా వస్తే రెండూ నిజమే అయ్యుండొచ్చు. రెండూ రాయండి, ఎడిషన్ పేరుతో సహా. జిల్లా అనుబంధంలో వచ్చినవాటికి ఇది ఇంకా ముఖ్యం, ఎందుకంటే ఆ పేజీలు ప్రధాన ఎడిషన్ ఫైళ్లలో బైండ్ అయ్యుండకపోవచ్చు. మీ పెదనాన్నగారి కటింగే మిగిలిన ప్రతి కావచ్చు.

ఎమర్జెన్సీ కాలంలో, అంటే 1975 జూన్ 25 రాత్రి నుంచి 1977 మార్చి 21 వరకు, గీసిన ఒరిజినల్స్ ఏమైనా దొరికితే విడిగా చూడండి. కటింగు జత లేని ఒరిజినల్ అప్పట్లో సెన్సారుకి ఆగిపోయినది కావచ్చు. కావచ్చు అనే అంటున్నాను. వెనక ముద్రో, రాతో లేకుండా ‘సెన్సార్ ఆపిన కార్టూన్’ అని పుస్తకంలో వేయకండి. జత లేకపోవడానికి సవాలక్ష కారణాలుంటాయి, ఆ రోజు ఇంటికి పేపరు రాకపోవడం దగ్గర్నుంచి.

పత్రిక పాత ఫైళ్లతో సరిచూసుకోవాలంటే, 1954 నాటి చట్టం ప్రకారం పత్రికలు తమ ప్రతులు కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికీ, చెన్నై కన్నెమరా సహా మరికొన్ని గ్రంథాలయాలకూ పంపాలి. బరంపురం ఆ రెండు ఊళ్లనూ కలిపే రైలు దారిలోనే ఉంది కనుక మీకది కొంత సుఖం. వేటపాలెం సారస్వత నికేతనం 1918 నుంచి ఉన్న గ్రంథాలయం, పాత తెలుగు పత్రికలకు పేరున్న చోటు. ప్రెస్ అకాడెమీ పాత పత్రికలు కొన్ని స్కాన్ చేయించింది, వెళ్లేముందు అందులో వెతకండి. బైండు సంపుటాల విలువ తెలియాలంటే మన జయపురంలోనే పుట్టిన తలిశెట్టి రామారావుగారిని తలుచుకుంటే చాలు. ఆయన పుట్టినరోజు మే 20నే తెలుగు కార్టూనిస్టుల దినోత్సవంగా జరుపుకుంటున్నాం. తొలి తెలుగు కార్టూనిస్టుగా ఆయన బొమ్మలు నేటికీ చూడగలుగుతున్నామంటే ‘భారతి’ పత్రిక సంపుటాలను గ్రంథాలయాలు భద్రపరచబట్టే.

జాబితా ఎలా రాయాలి

కంప్యూటర్లో మామూలు స్ప్రెడ్‌షీట్ చాలు. గడులు ఇవి: వరస నంబరు, కట్ట నంబరు, పత్రిక, ఎడిషన్, ప్రచురణ తేదీ, తేదీకి ఆధారం, వ్యాఖ్య యథాతథంగా, బొమ్మలో ఉన్నవాళ్లు, సందర్భం, కొలత, సామగ్రి, స్థితి. వీటిలో ‘తేదీకి ఆధారం’ గడి వదిలేస్తే జాబితా విలువ సగం పోతుంది. ముద్రిత తేదీయా, వెనకున్న ప్రకటనా, పెద్దమ్మగారి మాటా, మీ ఊహా అన్నది అక్కడ తెలియాలి. సందర్భం రెండు వాక్యాలు మించొద్దు. వ్యాఖ్య తెలుగైతే తెలుగు, ఒడియా అయితే ఒడియా లిపిలోనే ఎక్కించి, తెలుగు అర్థం వేరే గడిలో పెట్టండి. ఇంట్లో పిల్లలు ఒడియా మీడియంలో చదువుతుంటే తెలుగు వ్యాఖ్యలకు ఒడియా అర్థం కూడా వాళ్లచేతే రాయించండి, పని పంచుకున్నట్టూ ఉంటుంది.

పెద్దమ్మగారితో కూర్చునేటప్పుడు ఒరిజినల్స్ ఆవిడ చేతికి ఇవ్వకుండా స్కాన్లను పెద్ద తెర మీద చూపించండి. ‘ఇదెప్పటిది’ అని అడిగితే ఎవరికీ గుర్తుండదు. ‘అప్పుడు మనం ఏ ఇంట్లో ఉన్నాం, పెద్దాడు ఏం చదువుతున్నాడు’ అని అడిగితే సంవత్సరం దానంతటదే వస్తుంది. మాటలు ఫోన్లో రికార్డు చేసి, ప్రతి బొమ్మ ముందు దాని నంబరు మీరు పైకి చదవండి. లేకపోతే తర్వాత ఏ మాట ఏ బొమ్మదో తెలియక తల పట్టుకోవాలి.

స్కానింగ్ లెక్కలు

ఒరిజినల్స్ 600 డీపీఐ (అంగుళానికి 600 చుక్కలు), 24 బిట్ కలర్, టిఫ్ (TIFF) ఫైలు. నలుపు తెలుపు బొమ్మకి కలర్ ఎందుకంటారేమో. నీలం పెన్సిల్, తెల్ల దిద్దుబాట్లు, ఎర్ర గుర్తులు కలర్లోనే తెలుస్తాయి. ఏ4 సైజు ఒక్కోటీ సుమారు 104 ఎంబీ, ఏ3 అయితే 209 ఎంబీ. వెయ్యి ఏ4 బొమ్మలకి 100 జీబీ పైన వేసుకోండి. కటింగులకు 400 డీపీఐ సరిపోతుంది. వెనకాల అక్షరాలు ముందుకి కనబడకుండా కటింగు మీద నల్ల కాగితం కప్పి మూత వేయండి. స్కానర్లో ‘డీస్క్రీన్’, ‘షార్ప్’, ‘ఆటో కలర్’ వంటి, బొమ్మను దానంతటదే దిద్దే సెట్టింగులన్నీ ఆపేయండి. పక్కన ఒక స్కేలు పెట్టండి.

స్కానర్ కన్నా పెద్దదైతే రెండు ముక్కలుగా, మధ్యలో 4 సెంటీమీటర్లు రెండిట్లోనూ వచ్చేట్టు తీసి తర్వాత కలపండి. అట్ట వంగి ఉంటే మూతతో ఒత్తకండి, తెల్లరంగు పెచ్చులుగా లేస్తుంది. అలాంటివి కెమెరాతో, రెండువైపులా 45 డిగ్రీల కోణంలో దీపాలు పెట్టి తీయాలి.

ఫైలు పేరులో సంవత్సరం ముందు రావాలి: 1987-06-14_విశాఖ_0231_ముందు, 1987-06-14_విశాఖ_0231_వెనక. అప్పుడు కంప్యూటరే కాలక్రమంలో పేర్చేస్తుంది. తేదీ తెలియకపోతే 0000 అని మొదలుపెట్టండి. ఈ టిఫ్‌లను ఎప్పుడూ దిద్దకండి, దిద్దాలనుకున్నవాటికి కాపీ తీసుకోండి. మూడు ప్రతులు, రెండు రకాల పరికరాల్లో, ఒకటి వేరే ఊళ్లో. ఆ వేరే ఊరు శ్రీకాకుళమో పలాసో అయితే ఒకే తుపాను రెండిళ్లనూ ముంచుతుంది. హైదరాబాదులోనో జయపురంలోనో పెట్టండి.

పుస్తకానికి సిద్ధం చేసేటప్పుడు ఒక కిటుకు. కలర్ స్కాన్ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు ఛానెళ్లుగా ఉంటుంది, ఫోటోలు దిద్దే సాఫ్ట్‌వేర్‌లో నీలం ఛానెల్ ఒక్కటే తీసుకుంటే లేత నీలం పెన్సిల్ గీతలు దాదాపు మాయమవుతాయి, పాత ఫిల్ము చేసిన పనే ఇది. ఇబ్బందల్లా పసుపెక్కిన కాగితం అదే ఛానెల్లో ముదురుగా కనిపిస్తుంది, లెవెల్స్ (నలుపు తెలుపుల మోతాదు) సరిచేసుకోవాలి. ఒరిజినల్ లేక కటింగు నుంచే వేయాల్సివస్తే అచ్చైన సైజు మించి పెంచకండి.

సీడీలు వెంటనే కాపీ చేయండి. బొమ్మలు గీసే కోరెల్ డ్రా సాఫ్ట్‌వేర్ ఫైళ్లుంటే, అందులో వ్యాఖ్యలు అను ఫాంట్స్, శ్రీలిపి వంటి యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లలో కొట్టినవైతే, ఆ ఫాంటు లేని కంప్యూటర్లో పిచ్చి ఇంగ్లీషు అక్షరాలుగా తెరుచుకుంటాయి. పాత డీటీపీ షాపులో ఆ ఫాంట్లు ఇంకా ఉంటాయి. అక్కడ తెరిచి, అక్షరాలను కర్వ్స్‌గా (ఫాంటు అక్కర్లేని గీతలుగా) మార్చి, పీడీఎఫ్ తీసి, మూల ఫైలు కూడా అలాగే ఉంచుకోండి.

దాచడం, పురుగు, చెమ్మ

ఒరిజినల్స్‌కీ కటింగులకీ ఒకే ఫోల్డర్ పనికిరాదు. న్యూస్‌ప్రింట్ ఆమ్లం పక్క కాగితానికి పాకి, కటింగు ఆకారంలో గోధుమ మరక వేస్తుంది. ఆమ్లరహిత కాగితంతో ఫోల్డర్లు చేసుకుని పడుకోబెట్టి దాచండి. స్టీలు బీరువా మంచిదే, కాకపోతే వానకి తడిసే గోడకి ఆనించకుండా, నేలకి కనీసం అరడుగు ఎత్తులో, పై అంతస్తు రేకుల కింద కాకుండా పెట్టాలి. తేమ 65 శాతం దాటితే బూజుకి పండగే. తేమను కొలిచే చిన్న హైగ్రోమీటర్ కొని లోపల పెట్టండి. సిలికా జెల్ రంగు మారినప్పుడల్లా వేడిచేసి ఆరబెట్టకపోతే అది పెట్టినా పెట్టనట్టే.

పురుగు కనిపిస్తే కలరా ఉండలు కాగితాలమీద చల్లడం మానండి. రెండు పాలిథిన్ సంచుల్లో గాలి తీసి గట్టిగా మూసి, మైనస్ 18 డిగ్రీల డీప్ ఫ్రీజర్లో రెండు వారాలు ఉంచండి. బయటికి తీశాక ఒకరోజు సంచి విప్పకండి, లేదంటే చెమ్మ కాగితం మీద చేరుతుంది. బ్రోమైడ్లు, తెల్లరంగు పెచ్చులు లేస్తున్నవి మాత్రం ఫ్రీజర్లో పెట్టొద్దు. బూజు పట్టినవి మిగతావాటికి దూరంగా, ఎండలో కాకుండా నీడలో ఫ్యాను గాలికి ఆరబెట్టి, మాస్కు వేసుకుని మెత్తటి బ్రష్షుతో ఆరుబయట దులపండి. తడిసిన కాగితాలకి 48 గంటలే గడువు. ఇండియన్ ఇంకు నీటికి తట్టుకుంటుంది, స్కెచ్ పెన్ను గీతలు కారిపోతాయి, ముందు వాటిని చూడండి.

చిరుగులకి బైండింగ్ షాపు మైదా జిగురు వాడకండి. పురుగు రాకుండా అందులో మైలుతుత్తం కలుపుతారు, అది కాగితాన్ని తినేస్తుంది. అతికించకుండా కవర్లో పెట్టి వదిలేయడమే మీరు చేయగల మంచి మరమ్మతు.

హక్కుల మాట

1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ (ఎ) క్లాజు సరిగ్గా ఇలాంటివాళ్ల గురించే. పత్రికలో జీతానికి ఉన్న ఉద్యోగి ఆ పత్రికకోసం వేసిన బొమ్మకి, వేరే ఒప్పందం లేకపోతే, పత్రికల్లో ప్రచురించే హక్కు వరకే యజమానిది. పుస్తకం, ప్రదర్శన, క్యాలెండరు వంటి మిగతా హక్కులన్నీ గీసినవారివే. ఇంటినుంచి బొమ్మకింతని తీసుకుని పంపినవారైతే, రాతపూర్వకంగా రాసివ్వనంతవరకు మొత్తం హక్కులు ఆయనవే. రాసిచ్చిన కాగితంలో గడువు చెప్పకపోతే అయిదేళ్లే చెల్లుతుంది. కాబట్టి ఆయన ఉద్యోగపత్రాలు, మనియార్డరు కూపన్లు, పారితోషికం రసీదులు పారేయకండి, బొమ్మలతో సమానంగా దాచండి. 2023లో పోయారు కనుక హక్కులు 2083 చివరిదాకా వారసులకుంటాయి. వీలునామా లేకపోతే వారసులందరూ సంతకం పెట్టాలి. ఒక్కరు అలిగినా ప్రచురణకర్త వెనక్కి తగ్గుతాడు. పుస్తకంలో మొత్తం పేజీ కాకుండా కార్టూను మాత్రమే కత్తిరించి వేయండి. పక్కనున్న వార్త, ఫోటో మీవి కావు.

ఎవరికివ్వాలి

బెంగళూరులో ఇండియన్ కార్టూన్ గ్యాలరీ, కేరళలో కాయంకుళం దగ్గర శంకర్ పేరిట కార్టూన్ మ్యూజియం ఉన్నాయి. తెలుగు పత్రికల పరిశోధకులు వెళ్లేచోటు కావాలంటే హైదరాబాదు సుందరయ్య విజ్ఞాన కేంద్రం వంటివాటిని అడగొచ్చు. ఎవరిని అడిగినా మొదట జాబితా అడుగుతారు. జాబితా లేకుండా పెట్టెలు దింపేసి వస్తే అవి అక్కడా పెట్టెలుగానే ఉంటాయి. నా సలహా, విడివిడిగా పంచకండి. ‘బాగున్న’ యాభై బొమ్మలు ఒకచోట, మిగతావి ఇంకోచోట అయితే ఆయన ముప్పై ఏళ్ల వరస తెగిపోతుంది. అప్పగింత పత్రంలో మూడు విషయాలు స్పష్టంగా ఉండాలి. కాగితాలు ఇస్తున్నారా, హక్కులు కూడానా అన్నది మొదటిది, ఎందుకంటే రెండూ వేరు. స్కాన్ల ప్రతి కుటుంబానికి ఉంటుందా అన్నది రెండోది. సంస్థ మూతపడితే ఏం చేస్తారన్నది మూడోది.

ఇంకొకటి. అట్టపెట్టె అడుగున బరువుగా చెక్కకి దిగ్గొట్టిన లోహపు ముక్కలు ఉన్నాయని చివర్లో రాశారు. అవి జింకు బ్లాకులు, ఆఫ్‌సెట్ రాకముందువి. బొమ్మను ఫోటో తీసి, జింకు రేకుమీద ఆమ్లంతో చెక్కి, అచ్చు అక్షరాల ఎత్తుకి చెక్క దిమ్మ మీద బిగించేవారు. ఒరిజినల్ పోయిన కార్టూన్లకు అవే అసలు. తెల్లగా బూడిద పట్టిందని చింతపండు పెట్టి తోమకండి, పులుపుకి సన్నగీతలు అరిగిపోతాయి. పొడి బ్రష్షుతో దులిపి, ఏటవాలు వెలుతురులో ఫోటో తీసి, కంప్యూటర్లో అద్దంలోలాగా తిప్పి, రంగులు తారుమారు చేస్తే బొమ్మ చదవొచ్చు. చెక్కలో పురుగు ఉండే అవకాశముంది కనుక వాటిని కాగితాల బీరువాలో పెట్టకండి, ఒక్కోటీ తెల్ల కాగితంలో చుట్టి వేరే గదిలో ఉంచండి.